తోటికోడళ్ల మోకాళ్లు

మోకాలు మార్చుకున్నాక ఇంట్లో ఎవరు చూసుకుంటారని జనగామ డాక్టరు అడిగితే నేను గట్టమ్మను చూపించాను. అదే మాట గట్టమ్మను అడిగితే ఆమె నన్ను చూపించింది. ఆయన మా ఇద్దరి ఎక్స్‌రేలను కిటికీ వెలుతురుకు పట్టి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశాడు.

"ఇద్దరివీ ఒక్కతీరుగనే అరిగినయి," అన్నాడు. "ఇద్దర్నీ ఒక్కసారే పండవెడితే మంచినీళ్లిచ్చే మనిషుండదు. ఎవరు ముందో మీరే మాట్లాడుకోండి."

గట్టమ్మ నా తోటికోడలు, నా మరిది వీరస్వామి భార్య. అప్పటికి నాకు అరవై ఆరేళ్లు, ఆమెకు అరవై రెండు. నర్సింహులపేట దగ్గరి మా ఊళ్లో పక్కపక్క ఇళ్లు. అన్నదమ్ములిద్దరూ పోయారు. పొలాలు మిగిలాయి, మేం మిగిలాం. నలభై ఏళ్లుగా మా నాట్లన్నీ బదులు మీదనే నడిచాయి. ఈ రోజు నేను ఆమె మడిలో వంగి నాటు వేస్తే, రేపు ఆమె నా మడిలో వంగాలి. దానికి కూలి ఉండదు, మాట ఉంటుంది. ఒకసారి బదులు ఎగ్గొట్టిన మనిషితో ఊళ్లో మళ్లీ ఎవరూ జత కట్టరు.

దవాఖాన మెట్ల పక్కన అరుగు మీద కూర్చుని గట్టమ్మ అయిదు నిమిషాల్లో తేల్చేసింది.

"ఎవరి మడి ముందు తడిస్తే వాళ్లదే ముందు నాటుతం గద. నీకు షుగరు లేదు. నాది దిగాలంటే రెండు నెలలు పడుతదంటున్నడు. నీదే ముందుగాల. నీ కాలు నేను చూస్త, నా కాలు నువ్వు చూడు. బదులు."

"నేను బయటికి రాకపోతే?"

"ఏడికెళ్లి?"

"ఆపరేషన్ రూములకెళ్లి."

"నాకు బదులు బాకీ పెట్టి ఏడికి పోతవ్? అస్తవ్," అని చెప్పులు వేసుకుంది.

మాట ఖాయమైంది. ఆ ఫిబ్రవరి నాటికి, చలికాలంలో వేసిన యాసంగి వరి ఇంకా పొట్ట మీద ఉంది. నా కుడి మోకాలు మార్చిలో, ఆమెది మే నెలలో. వానాకాలం నాట్లు పడే నాటికి ఇద్దరం నడవాలి. ఇదీ మేం అనుకున్నది.

మా ఇంట్లో ఆ ఎండాకాలం ఆడమనిషి లేదు. కోడలు భాగ్య తొలికాన్పుకు తల్లిగారింటికి పోయింది. నా కొడుకు ధర్మా వరికోత మిషను నడుపుతాడు. కోతలు మొదలైతే ఏ ఊళ్లో ఉంటాడో వాడికే తెలియదు. కాబట్టి నన్ను లేపడానికీ, కూర్చోబెట్టడానికీ గట్టమ్మ తప్ప దిక్కులేదు. ఆమెకూ అంతే. కొడుకు ఐలేశ్ భూపాలపల్లిలో బొగ్గుబాయి ఉద్యోగి, అక్కడే క్వార్టర్‌లో ఉంటాడు. రమ్మని ఎన్నిసార్లు పిలిచినా, తన రెండెకరాలు వదిలి ఈమె పోలేదు.

నాకు నలభై దాటాక చదువు వచ్చింది. ధర్మా ఒకటో తరగతి పుస్తకం ముందేసుకుని, వాడు అన్నం తింటున్నంతసేపూ అక్షరం తర్వాత అక్షరం వాడితోనే చెప్పించుకున్నాను. అప్పటినుంచి అచ్చు కనిపిస్తే చదవకుండా ఉండలేను. పల్లీలు కట్టిన కాగితం, మందు డబ్బాలోని చీటీ, గోడ మీది ప్రకటన, ఏదైనా సరే. దవాఖానలో ఇచ్చిన కాగితాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. పుచ్చిన పళ్లు ఉంటే ముందే తీయించుకోవాలి. మూత్రంలో మంట ఉంటే చెప్పాలి. మోకాలి చుట్టూ చర్మం మీద గీత గాని, పుండు గాని, పొక్కు గాని ఉండకూడదు, ఉంటే ఆపరేషన్ వాయిదా పడుతుంది. రోజూ తొడ బిగబట్టి వదిలే కసరత్తు చేయాలి. గట్టమ్మకు చదువు రాదు కాబట్టి ఆమెకూ చదివి వినిపించాను. తొర్రూరుకు పోయి రెండు పళ్లు తీయించుకుని బుగ్గ పట్టుకుని వస్తే నన్ను చూసి నవ్వింది.

"మోకాలు బాగుచెయ్యమంటే నోరు పీకిరి. రేపు నాకు తలకాయ నొస్తుందంటే ఏం పీకుతరో."

ధర్మా పనిమీద పోయే ముందు నా మంచం కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టి ఎత్తు చేశాడు. కమోడ్ కుర్చీ తెచ్చాడు. గట్టమ్మే మొదట దాని మీద కూర్చుని, చేతులు రెండు పక్కలా ఆనించి, సర్పంచులా ముఖం పెట్టి, మా వాడకు సీసీ రోడ్డు మంజూరు చేసింది. నేను నవ్వలేకపోయాను. నాకు లోపల వేరే గోల.

నా భర్త పరశురాములు ఛాతీలో మంటగా ఉందని హన్మకొండకు బస్సెక్కబోతూ, పొద్దూకేసరికి వస్తానన్నాడు. నేను బియ్యం కడుగుతున్నాను. తల కూడా ఎత్తలేదు. సరే అన్నానో లేదో కూడా గుర్తులేదు. మర్నాడు అంబులెన్సులో తెచ్చారు. మా అమ్మ కూడా అంతే. నన్ను అత్తగారింట్లో దింపి, ఎడ్ల బండి ఎక్కి వచ్చే ఆదివారం వస్తానంది, శుక్రవారమే కబురు వచ్చింది. ఆ తర్వాత గడప దాటే మనుషులంటే నాకు భయం పట్టుకుంది. ఎవరు పోతున్నా చేతిలో పని వదిలేసి, వాళ్లు మలుపు తిరిగేదాకా నిలబడి చూస్తాను. ఇప్పుడు పోయేది నేనే అయినప్పుడు ఎటు చూడాలో తెలియలేదు.

నడుములో సూది ఇచ్చారు. కాళ్లు రెండూ ఎవరివో అయిపోయాయి. అడ్డంగా పచ్చగుడ్డ కట్టారు. నాకు నొప్పి లేదు గాని చప్పుడు వినిపించింది. వడ్రంగి ఉలి మీద సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు, నా ఒంట్లోనే. ఆ చప్పుడు గురించి కాగితంలో రాయలేదు. అది ఆగినప్పుడు ఆయువు కూడా ఆగిందనుకున్నాను. కళ్లు తెరిస్తే వార్డులో గట్టమ్మ కూర్చుని ఎవరో పేషెంటు తాలూకు బత్తాయి ఒలుచుకుని తింటోంది.

మర్నాడే నిలబెట్టారు. కసరత్తు చేయించే పిల్ల పేరు శాంతి. మహబూబాబాద్ వైపు పిల్ల, మెడలో సన్నని సిలువ గొలుసు. చేతులు మెత్తన, మాట గట్టి. "అవ్వా, నొప్పి పోయినంక వంచుత అంటే ఇగ ఎప్పటికీ వంగది. నొప్పితోటే వంచాలె," అంది. అయిదో రోజు ఇంటికి పంపేటప్పుడు చెప్పవలసినవన్నీ నాకు కాకుండా గట్టమ్మకు చెప్పింది. గట్టమ్మ ప్రతిదానికీ తల ఊపి, ఒక్కటి కూడా మరిచిపోలేదు.

నేను ఇంట్లో ఉన్న ఆ ఆరు వారాలు గట్టమ్మ నాకు అత్త అయింది. పొద్దున్నే మా తలుపు తోసుకుని వచ్చేది. మడమను మంచం మీద జరుపుతూ మోకాలు వంచాలి. ఆమెకు లెక్క ఇరవై దాటి రాదు. అందుకని పది వంపులను ఒక కట్ట అంది, నారు కట్టలా. పూటకు ఆరు కట్టలు. నేను నాలుగు కాగానే కళ్లు మూసుకుంటే ఊరుకునేది కాదు.

"ఇంక రెండు కట్టలు ఒడ్డు మీద ఎండుతున్నయి, అక్క. ఎవరు నాటుతరు, మీ అవ్వా?"

నా ఒంటిని ఆమె కడిగింది. కుట్లు తీసేదాకా నీళ్లు తగలకుండా ప్లాస్టిక్ కవరు చుట్టి, తాడు కట్టి, ఎత్తు పీట మీద కూర్చోబెట్టి స్నానం చేయించింది. సిగ్గుతో నేను ముడుచుకుపోతే, నలభై ఏళ్లు ఒకే బురదలో వంగినవాళ్లకు సిగ్గేంటని తిట్టింది. మూడో వారానికి వాకర్ పట్టుకుని వాకిలి దాకా పోయాను. అయిదో వారానికి వాకర్ వదిలి కట్టె పట్టుకున్నాను. మోకాలు తొంభై డిగ్రీలు దాటి వంగిందని ఫోన్లో వీడియో చూసి శాంతి చెప్పింది.

నా కాలు నిలదొక్కుకుంటున్న కొద్దీ గట్టమ్మ కాలు కుంగిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. మా గడప ఎక్కేటప్పుడు కుడి తొడను చేత్తో పట్టి ఎత్తుకునేది. నీళ్ల బిందె చంకన పెట్టుకుంటే ఒంగిపోయి నడిచేది. మోకాలు ఒక పక్కకు వంకర తిరిగింది. అడిగితే, తన మడి ఇప్పుడే తడుస్తోందని నవ్వేది.

ఆమె తేదీ మే మొదటి వారంలో పడింది. షుగరు కూడా దిగింది. ఇంకా పన్నెండు రోజులుందనగా ఒక మధ్యాహ్నం కొంగు ముడి విప్పి రెండు నల్లజీడి గింజలు నా మంచం మీద పెట్టింది.

మా వాడలో జీడి పెట్టించుకోవాలంటే నా దగ్గరికే వస్తారు. మా అత్త నేర్పింది. గింజను సూదికి గుచ్చి దీపం మీద కాలిస్తే నల్లటి నూనె ఊరుతుంది. ఆ నూనెను సూది మొనతో నొప్పి ఉన్నచోట చుక్కలుగా అంటిస్తాం. అక్కడ తోలు పొక్కి, పుండై, మానేటప్పుడు నొప్పిని లాక్కుపోతుందని నమ్మకం.

"తాళలేకపోతున్న అక్క. జర పెట్టు. నీ చెయ్యి మంచిది," అని చీర మోకాలి దాకా జరుపుకుని నా ముందు కుర్చీలో కూర్చుంది.

నేను దీపం వెలిగించాను. సూది కాల్చాను. మోకాలి చిప్ప చుట్టూ ఏడు చుక్కలు పెట్టాను. ఆమె నా ముఖంలోకే చూస్తూ కూర్చుంది.

మూడో రోజుకు పొక్కింది. తేదీ నాటికి మోకాలి చుట్టూ ఏడు పుళ్లు, రెండింట్లో చీము. జనగామలో డాక్టరు చూసి కుర్చీ వెనక్కి జరిపాడు. ఎవరు పెట్టారని అడిగాడు. "నేనే పెట్టుకున్న సారు," అంది గట్టమ్మ. ఈ తోలు కోసి లోపల లోహం పెడితే చీము ఎముక దాకా పోతుందని, కాలే దక్కదని ఆయన కోప్పడ్డాడు. తోలు పూర్తిగా మానాలి, జూన్ దాటాక చూద్దాం అని ఆమె పేరు కొట్టేశాడు.

బస్సులో ఇద్దరం ఒక సీట్లోనే కూర్చున్నాం. ఇంటికొచ్చి, చాలా రోజుల తర్వాత ఆ పూట నేను కడుపునిండా అన్నం తిన్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా జరిగింది అదే.

వారం తిరగకముందే ఐలేశ్ కారు మాట్లాడుకుని భూపాలపల్లి నుంచి వచ్చాడు. వాడు నాతో కోపంగా ఏమీ అనలేదు. వాడి క్వార్టర్‌కు మెట్లు లేవు, లోపలే కమోడ్ ఉంది, ఇంత వయసులో అమ్మకు ఇక పొలం ఎందుకు, కూర్చుని తింటుంది అన్నాడు. ఆపరేషన్ సంగతి అడిగితే, "ఎందుకు పెద్దమ్మా, ఇంత పరేషాన్? ఉన్న కాలుతోనే ఎల్లదీస్తది," అన్నాడు. గట్టమ్మ తగువు పెట్టుకుంటుందని నేను ఎదురుచూశాను. ఆమె పెట్టుకోలేదు. చీరలు సంచిలో సర్దుకుంది.

కారు వాకిట్లో ఆగి ఉన్నప్పుడు నేను మంచం మీద పడుకుని మోకాలు వంచుతున్నాను. "అక్కా, పోయొస్త," అని బయటినుంచి కేక వేసింది. నేను లేవలేదు. పదమూడు, పద్నాలుగు, పదిహేను అని గట్టిగా లెక్కపెట్టాను, లెక్క మధ్యలో పిలవకూడదన్నట్టు. కారు తలుపు పడిన చప్పుడు వినిపించింది. కారు పోయిన తర్వాత కూడా నేను లెక్క ఆపలేదు. అరవై దాకా పోయాను.

మే నెలంతా నా కాలు బాగుపడింది. అదే నాకు శిక్ష అనిపించింది. వాడకట్టు దాటి కిరాణా దుకాణం దాకా పోగలిగాను, దారిలో ఎవరు ఎదురైనా గట్టమ్మ ఎట్లుందనే అడిగారు. భాగ్యకు ఆడపిల్ల పుట్టింది. ధర్మా ఫోన్లో చూపిస్తే, ఇది చూడు గట్టమ్మా అని పక్కింటి వైపు తల తిప్పాను.

ఫోన్లో ఆమె మాట రోజురోజుకూ పొట్టిదైంది. ఏం చేస్తున్నావంటే కూర్చున్నానంటుంది. ఏం తిన్నావంటే పెట్టింది తిన్నానంటుంది. ఐలేశ్ భార్య పూజ మంచి పిల్ల. అత్తమ్మ గేటు దాకా కూడా నడవడం మానేసిందని, అన్నీ కుర్చీలోకే అందించాల్సి వస్తోందని ఆమే చెప్పింది. పుళ్లు మానాయా అని అడిగాను. ఎప్పుడో మానాయంది. ఫోన్ గట్టమ్మకు ఇమ్మన్నాను.

"ఇగ నాకు మోకాలెందుకక్క," అంది. "గీడ నడిచిపోయేది ఏడికి?"

మిరుగు, అంటే మృగశిర కార్తె, వచ్చిన రోజు శాంతి ఫోన్ చేసింది. డాక్టరు కొత్త లిస్టు రాస్తున్నాడని, సోమవారంలోగా గట్టమ్మను చూపిస్తే పేరు ఎక్కుతుందని, లేకపోతే దసరా దాటుతుందని చెప్పింది. తర్వాత ఇంకో మాట అంది. "అట్ల కుర్చీల కూసుంటే తొడ కండ కరిగిపోతది అవ్వా. దసరా దాక కూసుంటే నేను కూడా లేపలేను."

ధర్మా అప్పటికి ఇంట్లోనే ఉన్నాడు. ఐలేశ్‌కు ఫోన్ చేస్తే సరిపోదా అన్నాడు. నేను వద్దన్నాను. బైకు మీద దింపుతానన్నాడు. మోకాలు అంతసేపు ముడిచి కూర్చోకూడదన్నాను. చివరికి తొర్రూరు దాకా ఆటోలో వచ్చి హన్మకొండ బస్సెక్కించాడు. మంచి కాలు ముందు పెట్టి, కట్టె చంకన పెట్టి, కడ్డీ పట్టుకుని ఎక్కాను. కండక్టర్ ఆధార్ చూసి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ కొట్టి, కాలు చాపుకోవడానికి ముందు సీటు ఇప్పించాడు. కిటికీలోంచి చూస్తే ధర్మా ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు, ముఖమంతా భయం. నాకేమో సీటు దొరికిందన్న సంతోషం, హన్మకొండలో భూపాలపల్లి బస్సు ఎక్కడ ఆగుతుందన్న ఆలోచన. అంతకుమించి ఏమీ లేదు. బస్సు కదిలాక నాకు తట్టింది, ఆ రోజు పరశురాములు కూడా ఇట్లాగే కూర్చుని ఉంటాడని. సీటు దొరికి ఉంటుంది, గాలి తగిలి ఉంటుంది. నేను తల ఎత్తలేదని ఆయన బస్సులో తలుచుకుని ఉండడు. హన్మకొండలో బస్సు మారాక కూడా, పరకాల దాకా కిటికీ బయటికి చూస్తూనే ఉన్నాను.

భూపాలపల్లిలో క్వార్టర్లన్నీ ఒకే తీరు. వేపాకుల మీద కూడా సన్నగా బొగ్గు పొడి. ఐలేశ్ మొదటి షిఫ్టుకు పోయాడు. పూజ నాకు టీ ఇచ్చి, పిల్లవాణ్ణి బడినుంచి తేవడానికి బయటికి పోయింది. గట్టమ్మ టీవీ ముందు ప్లాస్టిక్ కుర్చీలో ఉంది. నెల రోజుల్లో మనిషి ఉబ్బింది, ముఖం చిన్నదైంది. నన్ను చూసి లేవబోయి, లేవలేక మళ్లీ కూర్చుంది.

"ఒక్కదానివే అచ్చినవా? బస్సులనా? కాలు చూపియ్యి," అంది. చూపించాను. వేళ్లతో మచ్చ పొడుగునా తడిమింది. "మంచిగ అతుక్కున్నది. నేను చూసిన కాలు గద."

ఎదురుగా కూర్చుని దారి పొడుగునా కూర్చుకున్న మాటలు మొదలుపెట్టాను. సగం మరిచిపోయాను.

"గట్టమ్మా, ఆ జీడి నేను తెలిసే పెట్టిన."

"ఏం తెలిసి?"

"తోలు పొక్కితే ఆపరేషన్ చెయ్యరని. కాగితం మీద ఉన్నది. నువ్వు లోపలికి పోయి రాకపోతే నేను తట్టుకోలేననిపించింది. గింత కుంటినా సరే, కండ్ల ముందు ఉంటవు గద అనుకున్న. నీ కాలు నేనే చెడగొట్టిన."

ఆమె టీవీ వైపు తిరిగింది. దాంట్లో ఎవరో వంట చేస్తున్నారు. రిమోట్ వెతికి సౌండ్ తగ్గించింది.

"ఆ కాగితం నాకు నాలుగుసార్లు సదివి ఇనిపిస్తివి," అంది. "నాకు అచ్చరం రాదు గని చెవులున్నయి. పొక్కు ఉండొద్దన్న ముచ్చట నాకు తెల్వదా?"

"మరి జీడి ఎందుకు తెచ్చినవే?"

"నువ్వు వద్దంటవని. నువ్వు వద్దని నాలుగు తిడితే, ఆ కోపానికన్న ధైర్యం చేసి పోదామనుకున్న. నువ్వేమో గమ్మున దీపం ముట్టిస్తివి. ఆరు వారాలు నిన్ను చూసిన నేను. లోపలికి పోయి అచ్చిన మనిషే గిట్ల భయపడుతున్నదంటే లోపల ఏమున్నదో, నేనెట్ల పోదును?"

నేను ఆమెనే చూశాను. ఆమె ముందు నవ్వింది. ముఖం అట్లాగే పెట్టుకుని, పొట్ట మాత్రం కదులుతూ నవ్వే నవ్వు ఆమెది. నాకు నవ్వొచ్చేసరికి కళ్లల్లో నీళ్లు కూడా వచ్చాయి. పూజ పిల్లవాడితో తిరిగొచ్చి, మమ్మల్ని చూసి ఎవరికేమైందని అడిగింది.

లోపల ఏముందో అప్పుడు చెప్పాను. సూది ఎట్లా ఇస్తారో, కాళ్లు ఎట్లా పరాయివైపోతాయో, వడ్లోడు ఉలి మీద కొట్టినట్టు సుత్తి చప్పుడు ఎట్లా వినిపిస్తుందో అంతా. ఆ చప్పుడు నిన్నేమీ చేయదు, ఆగినప్పుడు భయపడకు, పని అయిపోయిందని లెక్క అన్నాను. ఆమె ప్రతిదానికీ తల ఊపింది.

సాయంత్రం ఐలేశ్ వచ్చాక గొడవ అయింది. ఊళ్లో ఎవరు చూస్తారన్నాడు. నేను చూస్తానన్నాను. వాడి చూపు నా చేతికర్ర మీద పడింది. "ఇద్దరు ముసలోళ్లు ఒకర్నొకరు పట్టుకొని ఇద్దరూ పడుతరు పెద్దమ్మా," అన్నాడు. వాడి మాటలో తప్పు లేదు. గట్టమ్మే జవాబు చెప్పింది. ఇక్కడ ఉంటే కొడుకు పెట్టే అన్నం తింటూ కుర్చీలో పోతుందట. అక్కడైతే తిట్లు తింటూ నడుస్తుందట. ఏది కావాలో తనకు తెలుసని చెప్పి, నన్ను సంచి తెమ్మంది.

సోమవారం జనగామలో డాక్టరు ఆమె మోకాలి చుట్టూ వేలితో నొక్కి చూశాడు. ఏడు మచ్చలు తెల్లబడి ఉన్నాయి. షుగరు కొంచెం పెరిగింది, పది రోజులు గట్టిగా పత్యం ఉండమన్నాడు. ఉంది. జూన్ నెలాఖరున లోపలికి తీసుకుపోయారు. తలుపు దగ్గర స్ట్రెచర్ ఆగినప్పుడు నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచాను. ఆమె ముందే అందుకుంది. "పో, పోయి ఏమన్న తిను. నిన్ను చూస్తే నాకు కండ్లు తిరుగుతున్నయి."

పోయి రెండు ఇడ్లీలు తిన్నాను. తిరిగొచ్చి, ఆ బెంచీ మీద ఉన్న అచ్చు కాగితాలన్నీ చదివాను. రెండు గంటలు దాటాక తెచ్చారు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నేను వంగి పిలిస్తే కళ్లు తెరవకుండానే, "వడ్లోడు పోయిండా?" అంది.

నేను ఆమెలా చూసుకోలేకపోయాను. కింద కూర్చోలేను, బరువెత్తలేను. ఆమె మంచం మా ఇంట్లో నా మంచం పక్కనే, ఇటుకల మీద వేయించాం. నీళ్లు ధర్మా మోశాడు. రెండో వారంలో పూజ వచ్చి నాలుగు రోజులు ఉండి పోయింది. నాకు చేతనైంది ఎత్తు కుర్చీలో కూర్చుని కట్టలు లెక్కపెట్టడం, తిట్టడం. మొదటి రోజు రెండు కట్టలకే ఏడ్చింది. నేను తువ్వాలు మడిచి ఆమె మడమ కింద పెట్టి, ఇంకొకటి అన్నాను. ఆ ఒక్కటీ చేసింది. నాలుగో వారంలో వాకర్‌తో వాకిలి దాటినప్పుడు ఎవరూ చూడటం లేదనుకుని, వాకర్‌ను గాల్లోకి ఎత్తి రెండడుగులు వేయడం నేను వంటింటి కిటికీలోంచి చూశాను.

శ్రావణంలో నాట్లు పడ్డాయి. వంగి నాటు వేయడం మా ఇద్దరికీ ఇక లేదని డాక్టరు గట్టిగానే చెప్పాడు. నాట్లు కూలోళ్లకు గుత్తకిచ్చాం. గట్టమ్మ మడి రోడ్డు పక్కనే. ధర్మా రెండు ప్లాస్టిక్ కుర్చీలు అక్కడ వేసి పోయాడు. సన్నగా జల్లు పడుతోంది. ఒకే గొడుగు కింద కూర్చుని పన్నెండు మంది ఆడవాళ్లు వెనక్కి జరుగుతూ నాటు వేయడం చూశాం.

ఆదివారం ఐలేశ్ వస్తాడు. అమ్మ నడుస్తోంది కాబట్టి ఇక తీసుకుపోతానని ముందే చెప్పాడు. పొద్దుటినుంచీ నేను ఆ మాటే తలుచుకుంటున్నాను.

"నువ్వు నాకు ఆరు వారాలు చేసినవు," అన్నాను. "నేను నీకు ఆరు వారాలు చేసిన. ఇగ బదులు తీరిపోయింది."

గట్టమ్మ మడిలోంచి చూపు తిప్పలేదు.

"ఏడ తీరింది? నీ ఎడమ కాలు సంగతేంది? నిన్న ఆటో దిగుతాంటె కటకటమన్నది. పక్కోళ్లకు కూడా ఇనిపించింది. అచ్చే హోలీకి అది చేపిద్దాం. ఆ పై ఎండాకాలం నా ఎడమది."

"రెండేండ్లు పడుతది గట్టమ్మా."

"పట్టనియ్యి."

కొంగులో చుట్టిన ఫోన్ తీసింది. ఐలేశ్ పేరు దగ్గర పూజ పెట్టిన ఫోటో చూసి నొక్కింది. ఆదివారం వచ్చేటప్పుడు పిల్లవాణ్ణి కూడా తెమ్మంది, మధ్యాహ్నం కోడిని కోస్తామంది. వాడు ఏదో అడిగాడు.

"నేనెట్ల అస్తర?" అంది. "మీ పెద్దమ్మ కాలు బాగలేదు."

ఫోన్ పెట్టేసి, కట్టె ఊనుకుని కుర్చీలోంచి లేచి, మడిలో మూడో వరుస వంకర పోతోందని కేకలు మొదలుపెట్టింది.